కొండకు లెక్క రాసినవారు

ఉసూరు పేరు విన్న తెలుగువారు తక్కువ. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బీజాపూర్ జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దు కొండలకు చేరువగా ఉన్న తహసీలు కేంద్రం అది. ఆ కొండలకు ఆవల చర్ల. ఈ అడవుల నీళ్లు తాలిపేరులో కలిసి ఆ దారినే గోదావరికి చేరుతాయి. సంతరోజున ఇక్కడ గోండీ, దోర్లీ, హిందీ, తెలుగు ఒకదానితో ఒకటి పెనవేసుకొని వినిపిస్తాయి. దోర్లవారి మాటలో తెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో భాషాశాస్త్రజ్ఞులే తేల్చాలి. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరు రాజ్యాన్ని నెలకొల్పాడన్న సంప్రదాయం సుప్రసిద్ధం. ఆ సంప్రదాయాన్ని పక్కన పెట్టినా, ఈ నేలకూ తెలుగునేలకూ మధ్య రాకపోకలు ఏనాడూ ఆగలేదన్నది నిజం.

ఉసూరుకు ఈశాన్యంగా బైలాడిలా పర్వతశ్రేణి ఉంది. ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ప్రపంచంలోని మేలురకం ఇనుప ఖనిజ నిక్షేపాలలో అదొకటి. భూమి రికార్డులతో పొద్దుపుచ్చే నాబోటి ఉద్యోగికి కొండ అంటే ముందు ఒక ఖస్రా నంబరు, ఆపైన ఒక విస్తీర్ణం, ఆ తరువాతే కొండ. అయితే చరిత్ర విద్యార్థిగా నన్ను చాలాకాలంగా వెంబడిస్తున్న ప్రశ్న మరొకటి ఉంది. కొండలోంచి లోహాన్ని తీసినప్పుడు ఆ లెక్క ఎవరు రాశారు? అందులో ఎవరి పేర్లు రాశారు? రాసినది ఎంతకాలం నిలిచింది? ఈ ప్రశ్న నాకు బస్తరులో పుట్టలేదు. వరంగల్లులో ఎం.ఏ. చదివే రోజులలో, పారిశ్రామిక విప్లవం పాఠ్యాంశం కోసం ఉత్తర ఇంగ్లండులోని సీసపు గనుల చరిత్ర చదువుతున్నప్పుడు పుట్టింది. రైస్ట్రిక్, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1965లో పెనైన్ కొండల సీసపు గనుల మీద రాసిన గ్రంథం అందుకు కారణం. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని ఉద్యోగరీత్యా బస్తరు వచ్చాను. ఇక్కడ అది మరింత బరువెక్కింది.

ఆ సీసపు కొండల సంగతి కొంత విపులంగా చెప్పక తప్పదు. ఇంగ్లండు ఉత్తరాన కంబర్లండ్, నార్తంబర్లండ్, డర్హం మండలాలు కలిసే చోట గాలి విసురుకు చెట్టు నిలవని ఎత్తైన బీడుకొండలు ఉన్నాయి. పంట పండదు, గొర్రెలు మేస్తాయి. కానీ ఆ సున్నపురాతి పొరలలో నిలువు చీలికలుగా సీసపు ఖనిజం పేరుకొని ఉంది. ఆల్‌స్టన్ మూర్ అనే ప్రాంతం అందులో ముఖ్యమైనది. అది డర్వెంట్‌వాటర్ ప్రభువుల జమీ. మూడవ ప్రభువు జేమ్స్ రాడ్‌క్లిఫ్ 1715 నాటి జాకొబైట్ తిరుగుబాటులో చేరి, మరుసటి సంవత్సరం శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆయన జమీని రాజ్యం స్వాధీనం చేసుకున్నది. 1735లో పార్లమెంటు చట్టం ద్వారా దాని ఆదాయాన్ని లండను చెంతనున్న గ్రీనిచ్ ఆసుపత్రికి ధారాదత్తం చేశారు. పేరు ఆసుపత్రి అయినా అది నిజానికి నౌకాదళంలో పనిచేసి వృద్ధులైన నావికుల ఆశ్రయం. ఈ విధంగా సముద్రం మీద కాలో చెయ్యో పోగొట్టుకున్న ముసలి నావికుడి రొట్టెకు, సముద్రాన్ని జన్మలో చూడని గని కార్మికుడి చెమటకు ముడిపడింది. యజమాని మారడం కార్మికుడికి కనబడలేదు. అతనికి కనిపించినవాడు ఎప్పుడూ ఏజెంటే.

ఆ ఎస్టేట్ల నిర్వహణలో మొదటి సూత్రం పాలు. భూస్వామి స్వయంగా తవ్వించవచ్చు, లేదా తవ్వుకునే హక్కును కౌలుకు ఇవ్వవచ్చు. కౌలుకిస్తే ఖనిజంలో అతనికి ఒక భాగం చెల్లాలి. ఆల్‌స్టన్ మూర్‌లో అది అయిదో పాలు. పక్కనే ఉన్న వియర్‌డేల్ లోయ డర్హం బిషప్పు అధికారంలోనిది. అక్కడ బిషప్పుకు తొమ్మిదో పాలు, దానికి తోడు స్టాన్‌హోప్ చర్చి గురువుకు దశమ భాగం. పంటలో దశమ భాగం దేవుడికి చెల్లడం మనకు అర్థమవుతుంది. ఖనిజంలోనూ చెల్లించమనడం ఆ చర్చికే చెల్లింది. స్టాన్‌హోప్ గురుపీఠం సంపన్నమైన పదవిగా ఇంగ్లండు అంతటా పేరుపొందడానికి కారణం భక్తి కాదు, సీసం.

కౌలుదారులలో ఇద్దరు పెద్దలు. ఒకరు బ్లాకెట్ కుటుంబం. ఆలెన్‌డేల్ గనులు వారి సొంతం, వియర్‌డేల్ గనులు వారి కౌలు. రెండవది 1692లో రాజశాసనం పొందిన లండన్ లెడ్ కంపెనీ. క్వేకర్ మతస్థులు ఎక్కువగా ఉండటం వల్ల జనం దానిని క్వేకర్ కంపెనీ అనేవారు. 18వ శతాబ్ది మధ్యనాటికి అది ఆల్‌స్టన్ మూర్‌లోని నెంట్‌హెడ్‌లో పాతుకున్నది. బ్లాకెట్ దొరలకు రాజకీయం, న్యూకాజిల్ నగరం, వాలింగ్టన్ భవంతి ముఖ్యం. కంపెనీ డైరెక్టర్ల సమావేశాలు లండనులో. ఇద్దరిలో ఎవరూ కొండ మీద ఉండరు. కనుక కొండ నుంచి నగరానికి వారం వారం ఉత్తరాలు నడిచేవి. ఏ సొరంగంలో ఎంత ఖనిజం కనబడింది, గుర్రాలకు గడ్డి దొరికిందా, మంచు వల్ల ఎన్ని రోజులు పని ఆగింది, న్యూకాజిల్ రేవులో సీసం ధర ఎలా ఉంది అనే విషయాలన్నీ వాటిలో ఉండేవి. మన జిల్లా కార్యాలయాల నుంచి రాజధానికి వెళ్లే మాసాంతర నివేదికలు చదివినవారికి ఆ ఉత్తరాల బాణీ వెంటనే బోధపడుతుంది. పైవాడు అడగబోయే ప్రశ్నను ముందే ఊహించి, జవాబును ముందుగానే మెత్తగా అల్లి పెట్టడం అన్ని దేశాల కింది అధికారులకూ తెలిసిన విద్యే.

కార్మికుడితో ఏర్పాటు మాత్రం ప్రత్యేకమైనది. అతడు రోజుకూలీ కాదు. నలుగురు, ఆరుగురు, ఎనిమిది మంది కలిసి ఒక ముఠాగా ఏర్పడి, మూడు నెలలకు ఒకసారి ఏజెంటుతో బేరం కుదుర్చుకునేవారు. ఫలానా సొరంగంలో ఫలానా భాగం మాది. శుభ్రం చేసిన ఖనిజం ఒక బింగ్‌కు ఇంత ధర. బింగ్ అంటే అక్కడి కొలత, సుమారు 400 కిలోలు. ఖనిజం దట్టంగా ఉన్న చోట ధర తక్కువ, పలుచగా ఉన్న చోట ఎక్కువ. ఏజెంటు ముందుగా లోపలికి దిగి, దీపం వెలుగులో రాతిని చూసి, ఎంత పలుకవచ్చో అంచనా వేసుకుంటాడు. ముఠావాళ్లూ తమ అంచనా వేసుకుంటారు. ఇద్దరికీ రాయిని చదవడం తెలుసు. ఇద్దరూ తమకు తెలిసిందంతా బయట పెట్టరు. మన సంతలో ఎద్దుల బేరం చూసినవారికి దీని రుచి తెలుస్తుంది.

తవ్విన రాయి ముఠా ముఠాకు వేరుగా ఉండాలి కదా. అందుకోసం గని ముఖద్వారం దగ్గర రాతిగోడలతో వరుసగా గదుల వంటి గొందులు కట్టారు. ఒక్కో ముఠాకు ఒక్కో గొంది. ఒకరి రాయి మరొకరి రాతిలో కలవకుండా ఎవరి గొందిలో వారిది పోసేవారు. కడుగుడు కళ్లంలో పిల్లలు, పడుచువాళ్లు దానిని పగలగొట్టి, పారే నీటిలో కడిగి, బరువైన ఖనిజాన్ని వేరు చేసేవారు. అప్పుడు తూకం. తూకం దగ్గర భూస్వామి మనిషి తన పాలు చూసుకుంటాడు, కంపెనీ మనిషి తన లెక్క చూసుకుంటాడు, ముఠా పెద్ద తన బింగులు లెక్క పెట్టుకుంటాడు. తరువాత ఏడాది చివరి పరిష్కారం దాకా కార్మికుడికి అందేది బత్తెం మాత్రమే. బత్తెం, పనిముట్లు, కొవ్వొత్తులు, మందుగుండు, కడుగుడు ఖర్చు అన్నీ అతని ఖాతాలో అప్పుగా పడేవి. సంవత్సరాంతంలో బింగుల విలువలోంచి అవన్నీ తీసివేస్తే మిగిలేది అతనిది. మిగలకపోతే ఆ అప్పు వచ్చే ఏటికి మోసుకోవాలి. ఖనిజపు పొర సన్నగిల్లితే ఏడాది శ్రమ వట్టిపోయేది. దట్టమైన పొర తగిలిన ముఠా పంట పండేది, కానీ మరుసటి బేరంలో ఏజెంటు ఆ ధరను కత్తిరించేవాడు.

దీనిని న్యాయమైన ఏర్పాటుగా నేను చూడను. నష్టభయమంతా కింద, నిలకడైన పాలంతా పైన. కొందరు ఆర్థిక చరిత్రకారులు ఈ పద్ధతిలో కార్మికుడికి ఉన్న స్వేచ్ఛను మెచ్చుకుంటారు. తన పనివేళలను తానే నిర్ణయించుకుంటాడు, కొద్దిపాటి పొలం, ఆవు కూడా ఉంచుకుంటాడు అని వారి వాదం. పొలం ఉన్నమాట నిజమే. గని అన్నం పెట్టని ఏట ఆ ఆవే పెట్టవలసి వచ్చింది.

కరిగింపు మిల్లుల కథ పూర్తిగా వేరు. నీటిచక్రంతో ఊదే తిత్తులు, పీటు అనే బురదనేల ఎండుగడ్డ, బొగ్గు కలిపి మండించే పొయ్యిలు, అందులోంచి ధారగా దిగే సీసం. ఆ సీసంలో కొద్దిపాటి వెండి ఉంటుంది. సీసాన్ని మళ్లీ గాలిలో మండించి మడ్డిగా మారిస్తే అడుగున వెండి బిళ్ల మిగులుతుంది. వెండి విలువ పన్నుల శాఖకు, యజమానికి, దొంగకు సమానంగా తెలుసు కనుక ఆ గదికి కాపలా ఎక్కువ. సీసపు దిమ్మలను చిన్న గుర్రాల మీద బారులుగా న్యూకాజిల్‌కు తోలేవారు. మిల్లు పొగ పడిన గడ్డి మేసిన పశువులు చచ్చిపోయేవి. తరువాతి కాలంలో పొగను కొండవాలు వెంట మైళ్ల పొడవు సొరంగపు గొట్టాలలో నడిపించి పైన వదిలారు. పశువుల మీద దయ ఒక కారణమైతే, గొట్టం గోడలకు అంటుకున్న సీసపు మసిని గీకి మళ్లీ కరిగించవచ్చన్నది రెండో కారణం. రెండోదే పెద్ద కారణమని నా ఊహ.

గ్రీనిచ్ ఆసుపత్రి ఉత్తర ఎస్టేట్లకు వసూలు అధికారులుగా పనిచేసిన ఇద్దరిలో ఒకరు జాన్ స్మీటన్. ఎడిస్టన్ దీపస్తంభం కట్టిన ప్రఖ్యాత ఇంజనీరు ఆయనే. 1760ల నడుమ నుంచి 1777 వరకు ఆ పదవిలో ఉన్నారు. నీటిని తోడటానికి, కొత్త ఖనిజాన్ని వెదకడానికి నెంట్ నది కింద ఒక పొడవాటి సొరంగాన్ని 1776లో ఆయన ప్రణాళికతోనే మొదలుపెట్టారు. దశాబ్దాల తరబడి తవ్వారు. చిన్న పడవలు నడిచేంత వెడల్పైన నీటి దారి తయారైంది, విహారయాత్రికులు వచ్చి చూశారు, ఖర్చుకు తగిన ఖనిజం మాత్రం దొరకలేదు. ప్రభుత్వ పథకాల సమీక్షలలో కూర్చున్న ప్రతివాడికీ ఇలాంటి సొరంగం ఒకటైనా గుర్తుకు రాక మానదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వివరాలన్నీ నిలిచి ఉన్నాయి కనుక. ఏజెంట్ల ఉత్తరాలు, తూకపు చిట్టాలు, అన్నిటికంటే ముఖ్యంగా బేరాల పుస్తకాలు ఆ మండలాల దస్తావేజుల భాండాగారాలలో ఉన్నాయి. బేరాల పుస్తకంలో ముఠా పెద్ద పేరు ఉంటుంది, అతనితో ఎందరు భాగస్థులో ఉంటుంది, ఏ సొరంగమో, ఏ ధరో ఉంటుంది. ఆ పుస్తకాన్ని రాసింది కార్మికుడి మీద ప్రేమతో కాదు. అతడు ఎంత బాకీ ఉన్నాడో మరిచిపోకుండా ఉండటానికి. అయినా రెండున్నర శతాబ్దాల తరువాత అతని వంశీకుడు ఆ పేరును వేలితో చూపగలుగుతున్నాడు. అప్పు పత్రమే చివరికి అతని ఆనవాలు అయింది.

ఇక మన వైపు చూద్దాం. స్మీటన్ సొరంగం తవ్విస్తున్న రోజులలోనే బస్తరు రాజులు నాగపూరు భోంస్లేలకు కప్పం కట్టే స్థితికి వచ్చారు. రాజ్యంలోని దక్షిణ, పశ్చిమ భాగాలు భోపాలపట్నం, కుట్రు వంటి జమీందారీలుగా ఉండేవి. ఈ కొండలలో సీసం లేదు. ఇనుము ఉంది, దానిని కరిగించేవారు ఉన్నారు. ఆ పనికి లండను నుంచి ఏజెంటు రాలేదు, సొరంగం తవ్వలేదు. నేలమీద దొరికే ఖనిజాన్ని ఏరుకొని, అడవిలో కట్టె కాల్చి బొగ్గు చేసుకొని, మనిషి ఎత్తుకు లోపుగా మట్టితో కొలిమి కట్టేవారు. దానికి గాలి కొట్టేది కాళ్లతో తొక్కే జంట తిత్తులు. తొలిచిన దుంగల మీద ఆవుతోలు బిగించి, ఒక్కో తోలుకు తాడు కట్టి, ఆ తాడును వెనక నేలలో పాతిన వెదురు బద్ద కొసకు తగిలించేవారు. మనిషి ఒక తోలు మీదినుంచి మరొక తోలు మీదికి బరువు మారుస్తుంటే, కాలు ఎత్తిన తోలును వెదురు తిరిగి పైకి లాగుతుంది. గాలి ఆగకూడదు. గంటల తరబడి ఆ నడక సాగితే, మడ్డి కింది రంధ్రం గుండా కారిపోయి, కొలిమి అడుగున స్పంజులాంటి ఇనుప ముద్ద మిగులుతుంది. దానిని ఎర్రగా ఉండగానే సమ్మెటతో కొట్టి మలినం వదిలిస్తే నాగటి కర్రు, గొడ్డలి, బాణపు ములికి. ఇక్కడ గని, కరిగింపు, సంత మూడూ ఒకే కుటుంబం చేతిలో ఉండేవి. ఇంగ్లండులో ముఠాకూ మిల్లుకూ నడుమ నిలిచిన తూకం ఇక్కడ లేదు.

అయితే ఖాతా లేదని కాదు. మధ్య పరగణాలలో కొలిమికి ఇంత అని పన్ను ఉండేది. వెరియర్ ఎల్విన్ 1942లో వెలువరించిన 'ది అగారియా' మాండ్లా, బిలాస్‌పూర్ ప్రాంతపు ఇనుము కరిగించేవారి మీద రాసిన గ్రంథం. లోహాసురుడు, కోయ్లాసురుడు, అగ్యాసురుడు అనే దేవతలను కొలిచే ఆ జనం, ఒకవైపు కొలిమి పన్ను, మరొకవైపు అడవి నిబంధనలు, ఇంకొకవైపు సంతలోకి వచ్చిన చవక ఫ్యాక్టరీ ఇనుము నడుమ ఎలా నలిగిపోయారో ఆయన చెప్పారు. పన్ను లెక్క వల్ల ఏ ఏట ఎన్ని కొలిములు మండాయో తెలుస్తుంది. ఎవరి కొలిమి అన్నది ఆ లెక్కకు అక్కరలేదు. పెనైన్ కొండలలో ఏజెంటుకు మనిషి పేరు అవసరమైంది, ఎందుకంటే అతనికి అప్పిచ్చాడు. ఇక్కడ వసూలుదారు ఏమీ ఇవ్వలేదు, తీసుకున్నాడు. తీసుకునేవాడికి తల లెక్క చాలు.

తెలుగునేలలో పరిస్థితి కొంత నయమా అంటే, నయం అనలేను. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు ఎడ్లబాటల మీద వచ్చి, మూసలు దింపేదాకా అక్కడే కాచుకొని ఉండేవారు. త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు హెన్రీ వాయ్‌సీ ఆ పద్ధతిని చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలపడం, మూస, మంట, చల్లార్చడం అన్నీ అందులో ఉన్నాయి. కమ్మరి పేరు లేదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానులు కొల్లూరు వజ్రాల గనులను గుత్తకిచ్చి, పది కారట్లకు మించిన రాళ్లను తమకే ఉంచుకున్నారని ఆంగ్ల వర్తకుడు మెత్వోల్డ్ రాశాడు. రాళ్ల బరువు నమోదైంది. తవ్విన వేల చేతులలో ఒక్కటీ నమోదు కాలేదు. ఇక సీసమే కావాలంటే పల్నాడులోని అగ్నిగుండాల ఉంది. ఆ పేరు వినగానే కొలిమి కళ్ల ముందు కదులుతుంది. దాని చేరువలోని బండ్లమొట్టులో 20వ శతాబ్ది చివరి దశకాలలో హిందూస్థాన్ జింక్ సంస్థ సీసపు గని నడిపింది.

ఉసూరు తహసీలులో ఒక చిన్న పల్లెకు సరిహద్దు తగాదా పరిశీలనకు వెళ్లినప్పుడు, కాలిబాట పక్కన నల్లగా, గాజుపెంకులా మెరిసే, బుడగలు బుడగలుగా గడ్డకట్టిన రాళ్లు కాలికి తగిలాయి. వెంట వచ్చిన దోర్ల వృద్ధుణ్ణి అడిగాను.

"ఇవేమిటి తాతా?"

"చిట్టెం సారూ. ఇనుము ఉడికించిన చిట్టెం."

"ఎవరు ఉడికించారు?"

ఆయన నావైపు వింతగా చూశాడు. మీ ఇల్లు ఎవరు కట్టారని అడిగినట్టుంది కాబోలు. తరువాత చేతికర్రతో ఒక్కొక్క దిబ్బను చూపుతూ ఒక్కొక్క ఇంటిపేరు చెప్పసాగాడు. ఇది ఫలానావారిది, ఆ మద్దిచెట్టు కిందిది ఫలానావారిది, వాగు ఒడ్డున ఉన్నది వాళ్ల వియ్యంకులది. ఆ ఇళ్లలో కొన్ని ఇంకా ఉన్నాయి, కొన్ని చర్ల వైపు వలసపోయాయి, ఒక ఇల్లు పూర్తిగా ఆరిపోయింది. ఆయన చిన్నతనంలోనే కొలిములు చల్లారాయి. తాను స్వయంగా మంట చూడలేదు. అయినా ఏడు దిబ్బలకు ఏడు ఇంటిపేర్లు తడుముకోకుండా చెప్పాడు. పెనైన్ గనుల ముందర ముఠాకొకటిగా కట్టిన రాతి గొందులు నాకు అప్పుడు గుర్తుకు వచ్చాయి. ఎవరి రాయి ఎవరిదో తెలియడానికి అక్కడ గోడలు కట్టవలసి వచ్చింది. ఇక్కడ ఒక మనిషి జ్ఞాపకం ఆ గోడల పని చేస్తున్నది.

బైలాడిలా కథ ఇందుకు మరో చివర. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన పి.ఎన్. బోసు 19వ శతాబ్ది ముగుస్తున్న రోజులలో ఆ నిక్షేపాలను పరిశీలించారు. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదు. 1960లో జపాను ఉక్కు కర్మాగారాలతో ఒప్పందం కుదిరింది. అరకు కొండలను సొరంగాలతో తొలుచుకుంటూ కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు దారి వేశారు. 1968లో కిరందుల్ గని పని మొదలైంది. ఖనిజం విశాఖపట్నం రేవుకు, అక్కడి నుంచి జపానుకు వెళ్లింది. తరువాత విశాఖ ఉక్కు కర్మాగారానికీ బైలాడిలా ఖనిజమే ఆధారమైంది. అంటే తెలుగువారు గర్వంగా చెప్పుకునే ఆ ఉక్కు బస్తరు కొండ. బస్తరు గడ్డ మీదనే పెద్ద ఎత్తున ఇనుము కరగడానికి 2023లో నగర్‌నార్ కర్మాగారం మండేదాకా ఆగవలసి వచ్చింది. మట్టి కొలిములు చల్లారిన తరువాత ఈ నేల ఖనిజం తవ్వింది, లోహం చేయలేదు. పెనైన్ కొండలలో యజమానులు ఎంత దూరాన ఉన్నా, కరిగింపు ఆ లోయలలోనే జరిగింది. మిల్లు చుట్టూ పల్లె, పల్లెలో వడ్రంగి, కమ్మరి, బడి నిలిచాయి. 18వ శతాబ్దపు భూస్వాములను మెచ్చుకోవడానికి నాకు వేరే కారణం లేదు కానీ, ఈ ఒక్క విషయంలో వారి ఏర్పాటు మన ఏర్పాటు కంటే కొండకు ఎక్కువ ఇచ్చింది.

బైలాడిలాలో యంత్రాల పక్కనే తొలి దశాబ్దంలో చేతితో రాయి కొట్టి, ఏరి, గంపలకెత్తిన కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉన్నారు. పని యంత్రాలకు మారి వారిని తొలగించబూనినప్పుడు ఆందోళన రేగింది. 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ సంఘటనపై అభిప్రాయాలు వేరు వేరుగా ఉండవచ్చు. నేను అడిగేది రికార్డు గురించి. టన్నుల లెక్క, రాయల్టీ లెక్క, వ్యాగన్ల లెక్క సంవత్సరాలవారీగా అచ్చులో ఉన్నాయి. గంప మోసినవారి పేర్లు కాంట్రాక్టర్ల మస్టర్లలో ఉండేవి. కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో చేసిన కేంద్ర నిబంధనల ప్రకారం అటువంటి రిజిస్టర్లను చివరి నమోదు తేదీ నుంచి మూడు సంవత్సరాలు భద్రపరిస్తే సరిపోయేది. ఆల్‌స్టన్ ముఠా పెద్ద పేరు రెండున్నర శతాబ్దాలు నిలిస్తే, కిరందుల్‌లో గంప ఎత్తిన కోయ స్త్రీ పేరుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేళ్లు.

చట్టం లేకపోలేదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే గాక ప్రభుత్వరంగ సంస్థలకూ వర్తిస్తుంది. 1892కు పూర్వం పుట్టిన రికార్డును, పనికిరానంత శిథిలమైతే తప్ప, నాశనం చేయరాదని అందులో ఉంది. ఆ గడప దాటిన కాగితాల విషయంలో నిర్ణయం పరిశీలించే అధికారి వివేకానిది. బస్తరు గనుల చరిత్ర దాదాపు అంతా ఆ గడపకు ఇవతలే జరిగింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో నశింపజేయవలసిన కాగితాల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. నూట నలభై ఐటములు. అందులో 'పాత కూలీ మస్టర్లు, చెదలు పట్టినవి, ఒక బస్తా' అన్నది ఒక ఐటము. అది గని కాగితం కాదు, అడవి దారులు వేసిన కూలీల లెక్క. సగం పేజీలు పొడిగా రాలిపోయాయి. మిగిలిన వాటిలో పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర ఉన్నాయి. ఆ ఐటముకు ఎదురుగా 'నిలుపుదల, చారిత్రక విలువ' అని రాశాను. పై అధికారి ఒక ప్రశ్న వేశారు: స్థలం ఎక్కడ? అది న్యాయమైన ప్రశ్నే. వర్షం కురిసే గదిలో ఉంచిన రికార్డు, నశింపజేసిన రికార్డు కంటే మెల్లగా చస్తుంది, అంతే తేడా. బస్తాను ఒక ఇనుప బీరువాలోకి మార్చి తాళం సంగతి రిజిస్టరులో ఎక్కించాం. నేను బదిలీ అయ్యేనాటికి అది అక్కడే ఉంది.

ఈ పత్రిక చదివేవారిలో రికార్డు గదుల తాళాలు చేతిలో ఉన్నవారు చాలామంది ఉంటారు. నశింపు జాబితాలో టన్నుల లెక్కను, పేర్ల లెక్కను వేరుగా చూడవచ్చునని మాత్రం వారితో అనదలచుకున్నాను. టన్నుల లెక్క సారాంశంగా ఏదో ఒక వార్షిక నివేదికలో మిగులుతుంది. పేర్ల లెక్కకు సారాంశం ఉండదు.

దోర్ల వృద్ధుడు చెప్పిన ఏడు ఇంటిపేర్లను ఆ రోజు గ్రామపటం నకలు వెనుక రాసుకొని, దిబ్బల స్థానాలను పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. ఆ నకలును తగాదా ఫైలులోనే ఉంచాను, ఫైలు శాశ్వత నిలుపుదల తరగతికి చెందినది కనుక. రెండేళ్ల తరువాత అదే దారిన వెళితే కాలిబాట కంకర రోడ్డు అయింది. వాగు ఒడ్డున ఉన్న దిబ్బ కనబడలేదు. చిట్టెం గట్టిది, నీళ్లకు కరగదు, రోడ్డు పునాదికి బాగా పనికివస్తుందని అక్కడి మేస్త్రీ చెప్పాడు. రోడ్డు పని కొలతల పుస్తకం తెప్పించి చూశాను. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా, స్థానికంగా లభ్యమైన గట్టి సామగ్రితో నింపిన పునాది, పొడవు, వెడల్పు, మందం, ఇన్ని ఘనపు మీటర్లు అని రాసి ఉంది. కింద కొలిచినవారి సంతకం, తనిఖీ చేసినవారి సంతకం, తేదీ ఉన్నాయి. మిగిలిన ఆరు దిబ్బల ఇంటిపేర్లను ఈసారి సర్పంచి ఎదుట మరోసారి చదివించి, పంచనామాలో రాయించి, వృద్ధుడి వేలిముద్ర తీసుకున్నాం. ఏడవదాని పేరు కూడా రాయమని ఆయనే పట్టుబట్టాడు. రాశాం.